అత్వెల్లి రేవు

మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళుతుంటే హైవే పక్కన ఒక పెద్ద బోర్డు ఉండేది. దాని మీద నీలం సముద్రం, తెల్లటి ఓడ, ఓడ ముందు నిలబడి నవ్వుతున్న ఒక కుటుంబం. బోర్డు వెనక మక్కజొన్న చేను, పాడుబడిన కోళ్ళ షెడ్డు. అక్కడి నుంచి సముద్రం చూడాలంటే ఏ దిక్కుకు వెళ్ళినా రైల్లో ఒక పూటంతా కూర్చోవాలి. ఆ బోర్డు పెట్టడంలో నా చెయ్యి కూడా ఉందని మా కాలనీలో కొందరు ఇప్పటికీ అనుకుంటారు. లేదు. ఏం జరిగిందో చెబుతాను.

నేను పుట్టి పెరిగింది ఉత్తర కోస్తాలో, కొండ చాటున రేవు ఉన్న ఊళ్ళో. పెళ్ళికి ముందు నుంచీ అక్కడ ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేశాను. ఓడ వస్తున్నదని కబురు రాగానే దానికి కావలసినవన్నీ సమకూర్చడం మా పని. దారి చూపించి లోపలికి తెచ్చే పైలట్, ముందూ వెనకా పట్టుకుని నెట్టే టగ్గు పడవలు, నిలబడటానికి బెర్తు, తాగడానికి మంచినీళ్ళు, వంటకు కూరగాయలు, ఎవరికైనా జ్వరమొస్తే డాక్టరు, కస్టమ్స్ వాళ్ళకు కాగితాలు. మగపెళ్ళివారిని విడిదిలో దించడం లాంటిదే. అలకలు కూడా అలాగే ఉండేవి. కాకపోతే ఈ పెళ్ళివారు వస్తూ వస్తూ ఓడెడు బొగ్గు తెచ్చేవారు.

మా ఆయనకు బ్యాంకులో హైదరాబాదు బదిలీ అయ్యాక ఆ ఉద్యోగం వదిలి పేట్ బషీరాబాద్ వచ్చాం. మేము ఫ్లాట్ కొన్న కాలనీలో సగానికి పైగా కోస్తా వాళ్ళే. వాళ్ళందరికీ సముద్రం మీద విపరీతమైన ప్రేమ. ఫ్రిజ్ తలుపు మీద ఓడ బొమ్మ, ఫోన్లో బీచ్‌లో దిగిన ఫోటో, నోరు తెరిస్తే "మా సముద్రం". ఆ సముద్రం ఒడ్డున రేవు ఒకటి ఉందనీ, దాని గేటు దాటి రోజూ కొన్ని వేల మంది పనికి వెళతారనీ వాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళు కూడా దాన్ని కొండ మీది హోటల్ కిటికీలోంచి, బజ్జీలు తింటూ చూసినవాళ్ళే.

వాళ్ళందరిలో పెద్ద ప్రేమికుడు మా కాలనీ సంఘం అధ్యక్షుడు. విజిటింగ్ కార్డు మీద "సలహాదారు" అని పెద్ద అక్షరాల్లో ఉండేది. ఎవరికి, దేని మీద అన్నది ఉండేది కాదు. ఒక ఆదివారం ఆయన మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, కప్పు కింద పెట్టకుండానే అన్నాడు.

"మేడమ్ గారూ, మేడ్చల్‌కు పోర్టు వస్తోంది."

"ఏ నీళ్ళలోకండీ?"

"డ్రై పోర్టు మేడమ్. పొడి రేవు. అత్వెల్లిలో ఒక పెద్ద వెంచర్. మీలాంటి అనుభవజ్ఞులు కావాలి. మీరు జస్ట్ అలా వచ్చి కూర్చుంటే చాలు."

పొడి రేవు అనేది లేని వస్తువేమీ కాదు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో సరుకును పెట్టెల్లో నింపి, కస్టమ్స్ వాళ్ళు అక్కడే సీలు వేసి, రైలెక్కించి రేవుకు పంపుతారు. అందుకు రైలు పట్టాలు కావాలి, కస్టమ్స్ వాళ్ళు కావాలి, ప్రభుత్వం కావాలి. ఆ మూడూ ఉన్నాయా అని అడిగాను. "అవన్నీ పైప్‌లైన్లో ఉన్నాయి" అన్నాడు. పైప్‌లైన్ అనే మాటను కనిపెట్టినవాడు ఎవరో కానీ, మన దేశంలో అబద్ధాలకు అంత చక్కటి గొట్టం ఇంకోటి లేదు.

అయినా వెళ్ళాను. ఇంట్లో కూర్చుని విసుగెత్తి ఉన్నాను. రేవు అనే మాట విని చాలాకాలమైంది.

వెంచర్ యజమాని అత్వెల్లి మాజీ సర్పంచి. పదవి పోయి చాలా ఏళ్ళయినా అందరూ సర్పంచ్ సాబ్ అనే పిలుస్తారు. మేడ్చల్ బస్టాండు దగ్గర ఆయన ఆఫీసు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఒకప్పుడు వాళ్ళది ద్రాక్షతోటట. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ అప్పట్లో ద్రాక్ష పందిళ్ళే. బోర్లు ఎండిపోయాక తీగలు పీకేసి ఆయన రాజకీయాల్లోకి, తర్వాత ప్లాట్లలోకి వచ్చాడు.

సలహాదారు ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. మొదటి బొమ్మలో సింగపూర్. రెండో బొమ్మలో మా ఊరి కొండ. మూడో బొమ్మలో శామీర్‌పేట చెరువు. దాని మీద ఎర్ర లైటు తిప్పుతూ "ఇదొక సహజమైన జలవనరు, మన పోర్టుకు నేచురల్ అడ్వాంటేజ్" అన్నాడు.

"చెరువుకూ దీనికీ ఏమిటండీ సంబంధం?" అన్నాను.

"యాంబియన్స్ మేడమ్."

సర్పంచికి మాత్రం ఆ బొమ్మల మీద ధ్యాస లేదు. నా వైపు తిరిగి అడిగాడు. "మేడమ్, సహజ రేవు సహజ రేవు అంటరు గదా, గదేంది?"

చెప్పాను. కొన్నిచోట్ల తీరమే ఓడకు ఇల్లు కట్టి ఉంచుతుంది. మా ఊళ్ళో కొండ ఒకటి సముద్రంలోకి పొడుచుకుని వచ్చి గాలికి అడ్డం నిలబడుతుంది. దాని వెనక నీళ్ళు ఒదిగి ఉంటాయి. బయట తుఫాను ఊగిపోతున్నా లోపల ఓడ కట్టేసిన గేదెలా నిలబడగలదు. అలాంటి చోటు మనిషి కట్టాలంటే సముద్రంలో రాళ్ళు పోసుకుంటూ పోవాలి. అంత చెప్పి, అది కొండ ఇచ్చిందే తప్ప ఎవరూ వెంచర్ వేస్తే వచ్చింది కాదని కూడా అన్నాను. ఆయన నవ్వాడు. సలహాదారు "మేడమ్ చాలా బాగా ఎక్స్‌ప్లెయిన్ చేశారు" అంటూ ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తెలియదు.

అప్పుడే లోపలికి ఒక ముసలావిడ వచ్చింది. పొట్టి మనిషి, చేతికి కడియాలు, కొంగు నడుమున దోపిన నేత చీర. సర్పంచి లేచి నిలబడ్డాడు. వాళ్ళ అమ్మ. ఊరందరికీ అవ్వ. అసలు విషయం అప్పుడు తెలిసింది. భూమంతా ఆవిడ పేరు మీదే ఉంది.

కుర్చీలో కూర్చోకుండానే ఆవిడ కొడుకుని అడిగింది. "రేవంటే ఏందో ఈ సార్ నాలుగుసార్లు జెప్పిండు. నాకు సమజ్ గాలె. సూడకుంట నా భూమెట్ల ఇస్తరా?"

"అమ్మా, గది మస్తు దూరం. సముద్రం కాడుంటది."

"గయితే సముద్రం కాడికే తోల్కపో. సచ్చేలోపు సముద్రం సూసినట్టు గూడ ఉంటది."

సలహాదారు వీడియో చూపిస్తానన్నాడు. అవ్వ ఆయన ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. నన్ను చూసింది. "నువ్వు ఆడ నౌకరి జేసినవంట గదా బిడ్డా. నువ్వు సూపియ్యి."

అలా నలుగురం బయల్దేరాం. మా పాత ఆఫీసులో నాతో పనిచేసిన ఒకామె ఇప్పుడు అక్కడ పెద్ద హోదాలో ఉంది. ఆమెకు ఫోన్ చేసి లోపలికి వెళ్ళడానికి పాసులు ఏర్పాటు చేయించాను. రైల్లో సలహాదారు అవ్వకు సముద్రం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అవ్వ సద్ది విప్పి అందరికీ రొట్టె, పచ్చడి పెట్టింది. ఆయన తన వాటా తింటూనే ఉపన్యాసం కొనసాగించాడు.

స్టేషన్లో దిగగానే ఆయన "ముందు బీచ్‌కు వెళదాం" అన్నాడు. నేను కారు మాట్లాడి అందరినీ రేవుకే తీసుకెళ్ళాను. గేటు దగ్గర తలకు ప్లాస్టిక్ టోపీలు, ఒంటికి మెరిసే పసుపు కోట్లు ఇచ్చారు. సర్పంచి తెల్ల బూట్లను గేటు మనిషి ఒకసారి, నేను ఒకసారి చూశాం. బొగ్గు బెర్తు పక్కన నడిచి వచ్చేసరికి అవి నల్లబడ్డాయి, ప్యాంటు కూడా మోకాళ్ళ దాకా నల్లబడింది. సలహాదారు ముక్కుకు రుమాలు కట్టుకుని, "ఇది కొంచెం ఓల్డ్ పోర్షన్ అనుకుంటాను" అన్నాడు. రేవంటే నీలిరంగు కాగితం అనుకున్నవాడికి బొగ్గు కనబడితే పాతబడ్డ భాగంలాగే తోస్తుంది.

మా అదృష్టం కొద్దీ అప్పుడే ఒక ఓడ లోపలికి వస్తోంది. సముద్రం నుంచి లోపలి రేవుకు వచ్చే దారి సన్నటి కాలువ. ఒక పక్క కొండ, ఒక పక్క ఒడ్డు. ఓడ ఎంత పెద్దదంటే కొండ పక్కన ఇంకో కొండ కదులుతున్నట్టుంటుంది. ముందొక టగ్గు, వెనకొకటి తాళ్ళు పట్టుకుని ఉన్నాయి. దాన్ని ఎన్ని వందలసార్లు చూశానో. అయినా నడక ఆపి చూశాను. పక్కకు తిరిగి చూస్తే సలహాదారు ఓడకు వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటున్నాడు.

అవ్వ కళ్ళార్పకుండా చూసింది. "గంత పెద్దదాన్ని గా సిన్న పడవలు గుంజుతున్నయా?"

"అవునవ్వా. ఇంత సన్నటి దారిలో అది తనంతట తాను తిరగలేదు."

"నీళ్ళు లోతుంటయా?"

"ఉండవు. తవ్వుతారు. గెడ్డ వాగు తెచ్చే మట్టి, సముద్రం తెచ్చే ఇసుక ఎప్పటికప్పుడు పూడిపోతుంటాయి. తవ్వే ఓడ వేరే ఉంటుంది."

"గయితే దేవుడిచ్చిన రేవని మావోడు జెప్పింది?"

"కొండ దేవుడిచ్చాడు. లోతు మనం తవ్వుకోవాలి. తవ్వడం ఆపితే మూసుకుపోతుంది."

అవ్వ కొడుకు వైపు చూసింది. "ఇన్నవారా? ఒక్కపారి జేసి అమ్ముకునేది గాదంట ఇది."

సర్పంచి ఫోన్ చూసుకుంటున్నాడు.

తర్వాత ఓడకు మేమేమేం సమకూర్చేవాళ్ళమో అవ్వకు చెబుతూ పెట్టెల యార్డుకు తీసుకెళ్ళాను. పెద్ద క్రేన్లు ఇనుప పెట్టెల్ని అగ్గిపెట్టెల్లా ఎత్తి లారీల మీద దించుతున్నాయి. ఒక వరస పెట్టెలకు కరెంటు తీగలు తగిలించి ఉన్నాయి. అవి గుంయ్‌మని మోగుతున్నాయి. అవ్వ ఆగింది.

"వీటికి కరంటెందుకు?"

"లోపల చల్లగా ఉండాలి. రొయ్యలు. విదేశాలకు వెళతాయి."

"రొయ్యలకు ఏసీనా?" అవ్వ పగలబడి నవ్వింది. "మా ద్రాచ్చ పండ్లకు జెర సల్లటి జాగ దొరకక బండ్ల మీదనే మురిగిపాయె. గప్పుడు ఏ సర్కారోడు తీగ తగిలియ్యలె."

సలహాదారు దగ్గర దానికీ జవాబు ఉంది. "కోల్డ్ చెయిన్ మన ఫేజ్ త్రీలో ఉందమ్మా" అన్నాడు.

కాసేపటికి అవ్వను, సలహాదారును నీడలో కూర్చోబెట్టి, నేనూ సర్పంచీ ఓడలు ఆనుకునే వార్ఫు అంచు దాకా నడిచాం. ఇక ఊరుకోలేక అడిగేశాను. "సర్పంచ్ గారూ, ఇదంతా చూశారు కదా. రైలు పట్టా లేకుండా, కస్టమ్స్ లేకుండా, మీ చేలో పోర్టు ఎలా వస్తుంది?"

ఆయన నవ్వాడు. ఈసారి ఆ నవ్వు వేరుగా ఉంది. "మేడమ్, నేను గంత పిచ్చోని లెక్క కనపడుతున్ననా? ఓడ రాదు, రైలు రాదు. నాకు తెల్వదా? జనాలకు ప్లాటు గావాలె. ప్లాటుకొక పేరు గావాలె. మొన్నటిదాంక ఎయిర్‌పోర్టు పేరు, అటెన్క రింగు రోడ్డు పేరు. అవన్నీ అయిపోయినయి. గా సలహాదారు సార్ ఈ పేరు తెచ్చిండు. పాపం ఆయన నిజంగనే వస్తదనుకుంటున్నడు."

అప్పటిదాకా సలహాదారును మోసగాడనుకుని, సర్పంచిని అమాయకుడనుకున్నాను. లెక్క తిరగబడింది. మోసగాడికైతే కనీసం తన పని మీద శ్రద్ధ ఉంటుంది. ఈ సలహాదారుకు తన అబద్ధం తనకే తెలియదు. దాని మీద ఎర్ర లైటు తిప్పుతూ బతికేస్తున్నాడు.

గేటు బయటికి వచ్చాక అసలు సంగతి జరిగింది. రేవుకు వెళ్ళే రోడ్డు పొడుగునా లారీలు నిలబడి ఉన్నాయి. లోపలికి వంతు రావాలి. ఒక్కొక్కప్పుడు రోజంతా, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. ఆ రోడ్డు ఎవరిదో, దాని మంచిచెడ్డలు ఎవరివో ఎవరికీ తెలియదు. అవ్వ నా చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది. "బిడ్డా, జెర పక్కకు పోవాలె."

చుట్టూ చూశాను. ఏమీ లేదు. లోపలికి మళ్ళీ వెళ్ళాలంటే పాసు గడువు అయిపోయింది. ముసలావిడను పట్టుకుని ఎండలో చాలా దూరం నడిచాను. చివరికి ఒక టీ కొట్టు ఆవిడ జాలిపడి తన ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అప్పటికే అవ్వ ముఖం నల్లబడిపోయింది. తిరిగొస్తూ దారిలో ఒక లారీ నీడన కూలబడింది. దాని కింద చాప వేసుకుని పడుకున్న డ్రైవరు లేచి నీళ్ళ సీసా ఇచ్చాడు.

"ఏ ఊరు కొడుకా?"

"శామీర్‌పేట అవ్వా. మేడ్చల్ కాడ మందుల కంపిని నుంచి పెట్టె తెచ్చిన."

అవ్వకు ప్రాణం లేచొచ్చింది. "మా పక్కూరోడివే! ఎప్పుడొచ్చినవ్?"

"నిన్న. ఇంకా నంబరు రాలె."

"తానం ఏడ జేస్తవ్?"

"ఏడ దొరికితే ఆడ."

"మరి దొడ్డికి?"

డ్రైవరు సిగ్గుపడి పక్కకు చూశాడు. అవ్వ వరసగా నిలబడ్డ లారీలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "ఓడొస్తే పైలటంట, నీళ్ళంట, కూరగాయలంట. రొయ్యకు ఏసీ అంట. గీ మనిషికి చెంబెడు నీళ్ళు లేవు" అంది. నా వైపు చూసే అంది కానీ నన్ను అనలేదు. ఓడకు అన్నీ అమర్చి పెట్టే మా వ్యాపారంలో, ఆ సరుకు మోసుకొచ్చిన మనిషి గురించి ఒక్క బల్ల మీదా చర్చ జరగలేదు. ఓడ కెప్టెనుకు పుట్టినరోజని తెలిస్తే కేకు పంపేవాళ్ళం.

సలహాదారు కారులో ఏసీ వేసుకుని కూర్చుని, మమ్మల్ని చూడగానే అద్దం దించి "లేట్ అవుతోంది మేడమ్, బీచ్ ఇంకా మిగిలింది" అన్నాడు.

బీచ్‌కు వెళ్ళాం. అవ్వ పాదాలు తడుపుకుంది. దణ్ణం పెట్టుకుంది. తిరుగు రైల్లో ఆ లారీల సంగతే నన్ను అడుగుతూ కూర్చుంది.

తిరిగొచ్చిన కొన్ని వారాలకు అత్వెల్లిలో వెంచర్ ప్రారంభోత్సవం. షామియానా, థర్మోకోల్‌తో చేసిన లంగరు, తెల్ల నావికుల టోపీలు పెట్టుకుని మజ్జిగ ప్యాకెట్లు పంచే కుర్రాళ్ళు. మా కాలనీ వాళ్ళందరూ వచ్చారు. నన్ను వేదికనెక్కించి సలహాదారు పరిచయం చేశాడు. నేను జీవితమంతా సముద్రంలో గడిపానన్నాడు. ఒక్కసారి పడవెక్కితే వాంతులయ్యే మనిషిని నేను.

మైకు నా చేతికిచ్చారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక్కడికి ఓడ రాదని చెప్పాను. పొడి రేవు రావాలన్నా రైలు పట్టా కావాలని, అది వస్తుందని నాకు ఎవరూ ఏ కాగితమూ చూపించలేదని చెప్పాను. రేవు పేరు చూసి ఎవరూ ప్లాటు కొనవద్దని కూడా చెప్పాను. సర్పంచి ముఖంలో రంగు మారుతుందేమోనని చూశాను. ఆయన ప్రశాంతంగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. వెంటనే షామియానా మొత్తం చప్పట్లు కొట్టింది.

కిందికి దిగగానే మా పై అంతస్తు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "చాలా బాగా మాట్లాడారు మేడమ్. మీరున్నారంటే మాకు ధైర్యం. తూర్పు ముఖం కార్నర్ బిట్ ఇప్పించగలరా?"

ఇంకొకాయన మాత్రం నిజంగానే ఆలోచించి అడిగాడు. "పోర్టు వస్తే పొల్యూషన్ ఏమైనా ఉంటుందాండీ?"

నేను ఏం చెప్పినా వాళ్ళకు వినబడేది కాదు. చదువుకున్న మనిషి, మైకులో, పోర్టు అన్న మాట పదిసార్లు అంది. అది చాలు. ఆ మాట ముందు వెనకల "రాదు, లేదు, వద్దు" ఉన్నాయన్నది వాళ్ళకు పట్టలేదు.

చివర్లో అవ్వను వేదిక మీదికి పిలిచారు. పట్టుచీర కట్టుకుని వచ్చింది. కొబ్బరికాయ కొట్టమన్నారు, కొట్టింది. రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకును కాస్త దూరంగా పట్టుకుని మాట్లాడింది.

"అందరికి దండం. నేను పొయ్యి రేవు సూసొచ్చిన. మంచిగున్నది. ఎనక భూమి మావోడు ఏం జేస్కుంటడో జేస్కోని. సంతకం బెడ్త. రోడ్డు ముంగట ఉన్న తుకడ మాత్రం ఇయ్య. అది నాకు పనున్నది."

షామియానాలో సగం మందికి అది అర్థం కాలేదు. సర్పంచికి అయింది. రోడ్డు ముందు ముక్కే వెంచర్‌కు ముఖం. అది లేకపోతే అంత పెద్ద పోర్టూ ఒక సందు చివర ఉంటుంది. ఇంతమంది ముందు అమ్మతో వాదించలేడు. దంతాలన్నీ కనిపించేలా నవ్వుతూ "మా అమ్మ మాటే నాకు వేదం" అని మైకులో చెప్పాడు. సలహాదారు తన కాగితం ప్లానులో సింహద్వారం ఎక్కడ పెట్టాలా అని అప్పటికప్పుడు పెన్నుతో గీసుకుంటున్నాడు.

ప్లాట్లు అమ్ముడుపోయాయి. అన్నీ. అందులో నాకు ఆశ్చర్యం లేదు.

అవ్వ రోడ్డు ముక్కలో ఏం చేస్తుందోనని ఊరంతా చూసింది. కోళ్ళ షెడ్డు కూలగొట్టించింది. నేల చదును చేయించి గులకరాళ్ళు పోయించింది. బోరు వేయించి వరసగా కుళాయిలు పెట్టించింది. మరుగుదొడ్లు, స్నానాల గదులు కట్టించింది. ఆడవాళ్ళకు వేరుగా ఒకటి. ఎందుకంటే "లారీల ఆడది రాదని నీకెవరు జెప్పిండ్రు?" అని మేస్త్రీని అడిగిందట. ఒక రేకుల పందిరి కింద మంచాలు వేయించింది. హైవే మీద పోయే లారీ ఏదైనా అక్కడ ఆగవచ్చు. రేవుకు పెట్టెలు తీసుకెళ్ళే లారీలు ముందు తెలుసుకున్నాయి, తర్వాత మిగతావి.

సర్పంచి కొన్నాళ్ళు తల్లితో మాట్లాడలేదు. ఎన్నికల మాట వినబడగానే మాట్లాడాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళ లారీ యజమానులు, డ్రైవర్లు కలిస్తే ఎన్ని ఓట్లో ఆయనకు తెలుసు. ఒకరోజు మందీమార్బలంతో వచ్చి, రిబ్బన్ కత్తిరించి, తన ఫోటోతో "అత్వెల్లి పోర్టు మొదటి దశ" అని ఫ్లెక్సీ కట్టించి వెళ్ళాడు. అవ్వ ఆ ఫ్లెక్సీని మర్నాడే విప్పించి, ఉల్లిగడ్డ బస్తాల మీద కప్పించింది. "మంచి మందమున్నది, వానకు ఆగుతది" అంది.

అక్కడితో అయిపోలేదు. మా కాలనీ నుంచి ప్లాట్లు కొన్నవాళ్ళందరూ ఒక సంఘం పెట్టారు. దానికీ అధ్యక్షుడు సలహాదారే. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, ఒక అర్జీ తెరిచి, సంతకం పెట్టమన్నాడు. లారీల స్థలాన్ని ఎత్తేయించాలట.

"ఎందుకండీ?"

"న్యూసెన్స్ మేడమ్. దుమ్ము, హారన్లు, లుంగీలు. వెంచర్ లుక్ పాడైపోతోంది."

"పోర్టు అంటే మరి ఏమనుకున్నారు? లారీలు రాని పోర్టు ఎక్కడైనా ఉంటుందా?"

"అది వేరు మేడమ్. అవి ఆర్గనైజ్డ్ లారీలు."

"మనం కలిసే వెళ్ళాం కదా. మీరు కారులో కూర్చున్నారు. ఆ అద్దం బయట ఉన్నవి ఏమిటనుకున్నారు?"

ఆయన గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేశాడు. నిజంగానే చేశాడు. ఏమీ గుర్తు రాలేదు. "మీరు పోర్టులో పనిచేసి కూడా ఇలా మాట్లాడటం బాధగా ఉంది" అన్నాడు.

"అత్వెల్లిలో రేవుకు సంబంధించింది ఏదైనా ఉందంటే అదొక్కటే. ఎత్తేస్తే ఇంక హైవే పక్కన మీ ఓడ బొమ్మ బోర్డు ఒక్కటే మిగులుతుంది" అన్నాను. సంతకం పెట్టలేదు. అప్పటి నుంచి లిఫ్టులో ఎదురుపడితే ఆయన ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటాడు.

అర్జీ ఎక్కడికి వెళ్ళిందో, ఏ బల్ల మీద నిద్రపోతోందో తెలియదు. సర్పంచి దాన్ని ముందుకు కదలనివ్వడని మాత్రం అందరికీ తెలుసు. ఓట్లు ప్లాట్లు కొన్నవాళ్ళకు ఇక్కడ లేవు, లారీల వాళ్ళకు ఉన్నాయి. ప్లాట్ల వాళ్ళు చివరికి లారీలు కనబడకుండా తమ వైపు ఎత్తుగా గోడ కట్టుకున్నారు. దక్షిణం ఎండ తగిలే గోడ. డ్రైవర్లు స్నానాలు చేసి తువ్వాళ్ళు, లుంగీలు దాని మీదే ఆరేస్తున్నారు. చాలా బాగా ఆరుతాయట.

నేను అప్పుడప్పుడు వెళుతుంటాను. పోయిన నెలలో అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టి అడిగింది. "ఓడోళ్ళకు ఇంకేమేం జేసేటోళ్ళు మీరు? మొత్తం జెప్పు."

చెప్పాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళమని, ఇంటికి ఫోన్ కలిపేవాళ్ళమని, మంగలిని పంపేవాళ్ళమని. అవ్వ మంగలి దగ్గర ఆపింది. ఇప్పుడు రేకుల పందిరి చివర ఒక కుర్చీ, గోడకొక అద్దం ఉన్నాయి. మేడ్చల్ నుంచి ఒకతను పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. మొన్న వెళ్ళేసరికి ఆ కుర్చీలో సర్పంచి గడ్డం గీయించుకుంటున్నాడు. పక్కన వంతు కోసం ఇద్దరు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. అవ్వ వాళ్ళను దాటుకుని వచ్చి కొడుకుతో అంది. "నువ్వు ఎనకొచ్చినవ్. లే, ఆళ్ళను కూసోనియ్."

ఆయన సగం నురగతో లేచి నిలబడ్డాడు.